కణతల మీద కిరీటం

పోయినేడాది జూన్ నెల, బ్రిస్బేన్‌లో చలికాలం. నాట్యం చేసే మనిషి తల మీంచి కిరీటం ఎందుకు జారుతుందో ఆ నెలలో ఆస్ట్రేలియా ఖండం మొత్తం మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పుకోవడం లేదు, ఉన్న మాటే చెబుతున్నాను.

నేను ఒక బ్యాలే కంపెనీ వర్క్‌రూమ్‌లో హెడ్‌పీసులు చేస్తాను, పాతవి బాగుచేస్తాను. హెడ్‌పీస్ అంటే నర్తకి తల మీద పెట్టేదేదైనా సరే. కిరీటం, ఈకల పట్టీ, పూలచుట్టు, ఒక్కోసారి మొత్తం ఎలుక తల. ఈ పనిలోకి రాకముందు ఇరవయ్యారేళ్ళు పళ్ళసెట్లు చేశాను. గుంటూరులో మొదలుపెట్టి బ్రిస్బేన్‌లో ముగించాను. డెంటిస్టు నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి పళ్ళు పేర్చి, వాటిని నోట్లో పట్టి ఉంచే తీగెలు వంచడం నా పని.

ఒక రోజు బెవ్ అనే ఆవిడ తన ముందు పన్ను రంగు కుదిరిందో లేదో చూసుకోవడానికి మా ల్యాబ్‌కి వచ్చింది. నేను తీగె వంచుతుంటే చాలాసేపు చూసి, "రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చెయ్, మేట్. మాకూ తీగె వంచేవాళ్ళు కావాలి" అని ఒక కార్డు ఇచ్చింది. మర్యాదకి అన్న మాటేమో అనుకున్నాను. రిటైరయి ఆరునెలలు బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇంటిపట్టున ఉండి, పోపుల డబ్బాలు మూడుసార్లు సర్దేసరికి మా ఆవిడ సుభద్ర ఆ కార్డు వెతికి తీసి నన్ను రైలెక్కించింది. బెవ్ ఆ వర్క్‌రూమ్‌కి పెద్ద. నాకు కిటికీ పక్క బల్ల ఇచ్చింది. అప్పటినుంచి అక్కడే ఉన్నాను.

ఇక ఆ కిరీటం సంగతి. రాణి వేషానికి పెట్టే కిరీటం అది, చేసి నలభై ఏళ్ళు పైబడింది. అర్ధచంద్రాకారంలో తీగె చట్రం, దానికి చుట్టిన రిబ్బను, ఇత్తడి ఆకులు, గాజురాళ్ళు. చూడటానికి మణుగు బరువున్నట్టుంటుంది గానీ, చేతిలోకి తీసుకుంటే గుప్పెడు మరమరాలంత. లోపలి పట్టీ మీద చిన్న చిన్న గుడ్డపేలికలు వరసగా కుట్టి ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. ఆ కిరీటం పెట్టుకుని వేదిక మీద ఆట పూర్తిచేసినవాళ్ళ పేర్లవి. రిహార్సల్ చేసినవాళ్ళ పేర్లు ఉండవు. ఆట మొదటినుంచి చివరిదాకా చెయ్యాలి, కిరీటం తల మీద ఉండాలి, అప్పుడే పేరు కుడతారు. అప్పటికి పదకొండు పేర్లున్నాయి. చేసినవాళ్ళ పేర్లు, బాగుచేసినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు.

పాత హెడ్‌పీసులతో బెవ్‌కి ఒకటే నియమం. ఏం చేసినా తర్వాత వచ్చేవాళ్ళు విప్పేసుకునేలా ఉండాలి. అసలు చట్రం జోలికి పోకూడదు, పోవలసివస్తే ముందు ఆమెకి చెప్పాలి. నేను నల్లబడ్డ రాళ్ళు మార్చాను, రిబ్బను మళ్ళీ చుట్టాను, వంగిన ఆకులు సరిచేశాను. అయిదు వారాలు పట్టింది. అద్దంలా తయారైంది.

అప్పుడు మేఘన వచ్చింది. తెలుగువాళ్ళ అమ్మాయే. పుట్టింది, పెరిగింది సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో. రాణి వేషం అసలు సోఫీ అనే పెద్ద నర్తకిది. మేఘనకి ఇచ్చింది ఒక్క ఆట, శనివారం మ్యాటినీ. ఆ ఒక్క ఆట చూడటానికి వాళ్ళమ్మా నాన్నా విమానం టికెట్లు కొనేశారు.

"అంకుల్, ఇట్ స్లిప్స్," అంది కిరీటం నా బల్ల మీద పెట్టి. "వాకింగ్‌లో ఓకే. జంప్స్‌లో ఓకే. టర్న్స్‌లో మాత్రం పైకి వచ్చేస్తోంది."

"తలకి నూనె రాశావా అమ్మా?"

"అంకుల్! ఎవరు రాస్తారు? అమ్మ సిడ్నీలో ఉంది కదా."

ఆ చుట్లను ఫ్వెతే అంటారు. ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడి, రెండో కాలిని కొరడాలా విసురుతూ, ఉన్నచోటే గిరగిరా తిరగాలి. ఒళ్ళంతా తిరుగుతున్నా చూపు ఒకేచోట నిలిపి, ఆఖరి క్షణంలో తలను చటుక్కున తిప్పుకుంటారు. లేకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఆ విసురుకే కిరీటం జారుతోందని నేను తేల్చేశాను. తేల్చి, జారేది ఏదైనా బిగిస్తే ఆగుతుందన్న పామర న్యాయంతో చట్రం కొసలు రెండూ బియ్యపు గింజంత లోపలికి వంచాను. బెవ్‌కి చెప్పలేదు. బియ్యపు గింజంత దానికి చెప్పేదేముంది అనుకున్నాను.

మర్నాటి రిహార్సల్లో పదమూడో చుట్టు దగ్గర ఆ కిరీటం కప్పలా ఎగిరి, స్టూడియో సగం దాటి, పియానో మెట్ల మీద పడి తనంతట తాను ఒక స్వరం వాయించింది.

మా ఇంటికొచ్చినవాళ్ళకి నేను ఇలాగే చెబుతాను. నిజానికి పియానోకి రెండు గజాల ఇవతల నేల మీద పడింది. వాయించే ఆయన వాయిస్తూనే ఉన్నాడు. ఒక ఆకు వంగింది, అంతే. కానీ సంగీతం ఆగాక అందరూ మేఘన వైపే తిరిగి చూశారు, అందులో మాత్రం నేను ఏమీ పెంచి చెప్పడం లేదు.

రిహార్సల్ చేయించే హెలెన్ మెల్లిగా మాట్లాడే మనిషి. ఆమె మెల్లిగా మాట్లాడితే అందరికీ భయం. "నువ్వు తల విదిలిస్తున్నావు మేఘనా. సోఫీ తల మీద ఇదే కిరీటం ఎప్పుడూ కదల్లేదు. గురువారం ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే శనివారం కూడా సోఫీయే చేస్తుంది."

మేఘన కిరీటాన్ని రెండు చేతుల్తో ఎత్తి, తిన్నగా నా దగ్గరికి తెచ్చింది. కళ్ళు నిండి ఉన్నాయి. "సారీ అంకుల్. మీరు ఎంత కష్టపడి చేశారో. లీఫ్ బెండ్ అయిపోయింది."

కొసలు వంచింది నేను. సారీ చెప్పింది ఆ పిల్ల. నేను "పర్లేదమ్మా" అన్నాను. ఏ మాటా పెంచి చెప్పడానికి వెనకాడని నా నోరు, చెప్పాల్సిన ఆ ఒక్క మాట దగ్గర పడిపోయింది.

ఆ సాయంత్రం అదే కొలతకి ఒక ఉత్త తీగె చట్రం వంచి, లంచ్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని దాన్ని ముందు పెట్టుకుని ఆలోచించాను. ఆలోచించగా ఆలోచించగా, మెరుపు మెరిసినట్టు తట్టింది. ఇరవయ్యారేళ్ళ పళ్ళ అనుభవం ఊరికే పోతుందా మరి.

మీరూ చూసుకోండి. రెండు చేతుల వేళ్ళూ కణతల మీద ఆనించి, పళ్ళు గట్టిగా బిగించండి. వేళ్ళ కింద కండ ఉబికి వస్తుంది. నమిలే కండ అది, దవడ దగ్గర మొదలై కణతలంతా పరుచుకుని ఉంటుంది. కిరీటం కొసలు సరిగ్గా దాని మీదే కూర్చుంటాయి. పళ్ళు బిగించినప్పుడల్లా ఆ కండ కొసల్ని బయటికి, పైకి తోస్తుంది. కొసల్ని మనం ఎంత బిగిస్తే అంత గట్టిగా తోస్తుంది. కూర్చోబెట్టి కొలతలు తీసేటప్పుడు ఎవరూ పళ్ళు బిగించరు, కబుర్లు చెబుతారు. ఇక చెక్కతో చేసిన తల అచ్చు ఉంటుంది చూడండి, హెడ్ బ్లాక్ అంటాం, అది జన్మలో ఏమీ నమల్లేదు.

పొద్దున్నే వెళ్ళి ముందు బెవ్‌తో నా తప్పు చెప్పాను. ఆమె తల ఎత్తకుండా సూదిలో దారం ఎక్కిస్తూనే, "నాకు నిన్ననే తెలుసు, సబ్. నా చట్రం ఎలా ఉంటుందో నాకు తెలియదా? నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను," అంది. సుబ్బారావు అన్న పేరు అక్కడ ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయింది.

మేఘనని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. "నువ్వు తిరిగేటప్పుడు పళ్ళు ఎలా పెడతావో అలా పెట్టమ్మా."

"పళ్ళా? ఐ డోంట్ నో అంకుల్. ఐ జస్ట్ టర్న్."

"లేచి తిరుగు. మధ్యలో ఆపి, మొహం అలాగే ఉంచు."

తిరిగింది, ఆగింది. కణతలు రెండూ గోళీల్లా ఉబికి ఉన్నాయి. బెవ్ వచ్చి తన వేళ్ళు పెట్టి చూసి, "బ్లడీ హెల్!" అంది.

మేఘన తెల్లబోయింది. "మా డెంటిస్ట్ కూడా చెప్పాడు, నేను పళ్ళు గ్రైండ్ చేస్తానని. ఆపేస్తాను అంకుల్. ప్రామిస్. టూ డేస్‌లో ప్రాక్టీస్ చేస్తాను."

"ఏమీ ఆపొద్దు. నీకు కాళ్ళున్నాయి, చేతులున్నాయి, లెక్కపెట్టుకోవాల్సిన సంగీతముంది. నీ పళ్ళ సంగతి నాకొదిలెయ్," అన్నాను. ఇది మాత్రం అక్షరం పెంచకుండా నేనన్న మాటే.

ముందు బెవ్ కళ్ళెదుటే నా వంపు తీసేసి చట్రాన్ని పాత కొలతకి తెచ్చాను. తర్వాత మేఘన పళ్ళ మధ్య మడత పెట్టిన రుమాలు పెట్టి, గట్టిగా కొరకమని, అప్పుడు తల కొలతలు తీశాను. రుమాలు కొరుక్కుని కిరీటానికి కొలతలిచ్చిన రాణి లోకంలో ఇంకెవరూ ఉండరు. ఆ కొలతలతో స్ప్రింగులా లొంగే సన్నని తీగెతో ఇంకో చట్రం వంచాను. దాని చేతులు కణతల్ని తాకకుండా పైనుంచి వెళ్ళి, జుట్టు కిందుగా చెవి వెనకాల ఎముక మీద ఆనుతాయి. నమిలినా, నవ్వినా, ఏడ్చినా కదలనిది తలలో ఆ ఎముకే. కొత్త చట్రాన్ని పాతదాని అడుగున నూలు దారంతో కుట్టాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు నాలుగు కుట్లు తెంపితే పాత కిరీటం పాత కిరీటమే.

గురువారం మేఘన తిరిగింది. పదమూడో చుట్టు దాటింది, ఇరవై దాటింది, ఆగింది. కిరీటం పెట్టినచోటే ఉంది. హెలెన్ తల ఊపి, "చూశావా? తల విదల్చకపోతే నిలుస్తుంది," అంది.

నేను గది చివర గోడ దగ్గర నిలబడి ఉన్నాను. నాలాంటి పనివాళ్ళు అక్కడ నోరెత్తరు. ఎత్తాను.

"తల ఆ రోజూ బాగానే తిప్పింది మేడమ్. కిరీటం కొసలు ఎవరికీ చెప్పకుండా వంచి బిగించింది నేను. ఎగిరింది నా వల్ల."

హెలెన్ మేఘన వైపు తిరిగి, "అయితే నేను నీకు సారీ చెప్పాలి," అంది మెల్లిగా. "శనివారం నీదే."

శనివారం నేను వేదిక పక్క తెరల చాటున, చేతిలో సూదీ దారంతో నిలబడ్డాను. ఫ్వెతేలు మొదలయ్యాయి. లెక్కపెడుతున్నాను. పది. పదకొండు. పన్నెండు. పదమూడు దగ్గర నా గుండె ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. ఆ పిల్ల కణతలు ఉబికి తగ్గుతుండటం అంత దూరం నుంచీ నాకు కనిపిస్తోంది. వాటి పైన ఇత్తడి ఆకులు మాత్రం గాలిలేని చెట్టు మీద ఉన్నట్టు ఉన్నాయి. చివరి చుట్టు తిరిగి, చేతులు చాపి నిలబడింది. హాలంతా లేచి నిలబడి నా కిరీటానికి చప్పట్లు కొట్టింది.

సరే, మేఘనకే కొట్టారు. ఖండం మొత్తం మీద అన్నానే, అది కూడా బ్రిస్బేన్ అనుకోండి. ఇంకా గుచ్చి అడిగితే, ఆ వర్క్‌రూమ్‌లో కిటికీ పక్క బల్ల. కానీ ఆ రోజు రెండు దవడలూ నొప్పెట్టి నేను అన్నం నమల్లేకపోయాను, ఆట సాగినంతసేపూ పళ్ళు అంతలా బిగించి ఉంచాను. అది మాత్రం ముమ్మాటికీ నిజం.

ఆట అయ్యాక మేఘన వాళ్ళ నాన్న లోపలికి వచ్చి, కిరీటం పైకీ కిందికీ చూసి, "ఎన్ని పిన్నులు పెట్టారండీ?" అని అడిగారు.

"నాలుగు నాన్నా. ఓన్లీ ఫోర్," అంది మేఘన, ఆ కిరీటం తనే చేసినంత గర్వంగా.

బెవ్ అప్పటికే గుడ్డపేలిక సిద్ధంచేసి పెట్టుకుంది. పన్నెండో పేరు ఆమె చేత్తోనే కుట్టింది. ఆ పట్టీ మీద మొదటి తెలుగు పేరు అది. కుట్టడం అయ్యాక మేఘన దాన్ని వేలితో తడిమి చూసి, వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. ఒంటికాలి మీద అన్నిసార్లు తిరిగిన పిల్ల, వంగేసరికి తూలి నా మీద పడింది. ఇద్దరం పట్టుకుని నిలబడ్డాం.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. నోరు మూసుకున్నప్పుడు సరిపోయే పళ్ళసెట్టు పళ్ళసెట్టు కాదు, జామకాయ కొరికినప్పుడు నిలబడాలి. కిరీటమూ అంతే. ఊరికే కూర్చున్న తలకి కాదు, పనిలో ఉన్న తలకి కొలవాలి. నిలవకపోతే ముందు తలను అనుమానించకూడదు, మన చేతిని అనుమానించాలి.

ఇంతవరకు రాసి, తప్పులు దిద్దమని సుభద్రకి ఇచ్చాను. నేను రాసిందేదైనా ముందు ఆవిడే చదువుతుంది. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, వెనక్కి వెళ్ళి ఒకచోట వేలు పెట్టింది.

"ఇదేవిటండీ, 'మెరుపు మెరిసినట్టు తట్టింది'?"

"ఏం, అక్షరం తప్పా?"

"అక్షరాలు బాగానే ఉన్నాయి. ఆ రోజు మీరు ఆ తీగె ముందు పెట్టుకుని ఆలోచించలేదు. బట్టతల మీద పెట్టుకుని, టీవీ చూస్తూ, నేను వేసిన జంతికలు పళ్ళెం ఖాళీ చేశారు. మీరు నమిలినప్పుడల్లా అది పైకి లేస్తోందని చెప్పింది నేను. ఉండవే, ఆలోచిస్తున్నానని కసురుకున్నారు. మూడోసారి చెబితే గానీ వినలేదు. నమిలింది మీరు, చూసింది నేను. అలా రాయండి."