ఇంటిల్లిపాదీ తాగిన మందు

హైదరాబాద్‌లో ఫార్మసీ చదివి పెద్దపల్లి సర్కారు దవాఖానలో చేరినప్పుడు నా తలనిండా మా మాస్టారి మాటలే. మున్ముందు మన పని మందు కలిపి ఇవ్వడంతో అయిపోదు, అది రోగికి పనిచేస్తోందో లేదో చూడటం కూడా మనదే అవుతుందని ఆయన అనేవారు. నా పైనున్న పెద్ద కంపౌండరు ఈ మాట విని పడీపడీ నవ్వాడు.

"గిదంత పట్నం ముచ్చట. మన పని గా మందులిచ్చే కిటికీ దాకనే. సీసా పట్టు, మందు పొయ్యి, పంపు."

నాకసలే ముక్కుమీద కోపం. అయినా కొత్తవాణ్ణి కదా, నోరు మూసుకుని సీసాలు నింపాను.

వారం వారం ఊళ్లో అంగడి జరిగే రోజున ఒకావిడ కడుపుతో ఉన్న కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేది. పిల్ల ముఖంలో రక్తం చుక్క లేదు. డాక్టరుగారు ఇనుము కలిసిన మందు రాశారు. ఆవిడ ఖాళీ సీసా తేవడం, నేను నింపడం. నెల దాటినా పిల్లకు రక్తం పట్టలేదు. ఇలాగే ఉంటే కాన్పులో ప్రాణానికే ముప్పని డాక్టరుగారు చెప్పేసరికి ఆ అత్త కిటికీ దగ్గరే కూలబడి ఏడ్చింది.

ఇక ఉండబట్టలేక బయటికి వచ్చాను. ఆ మందు తాగితే నాలుక నల్లబడాలి. కోడల్ని నోరు తెరవమంటే నాలుక పాలిపోయి ఉంది. ఏడుస్తున్న అత్త నోరు మాత్రం నేరేడుపళ్లు తిన్నట్టుంది. ఆ రోజు వాళ్ల వెంట వచ్చిన కొడుకు నోట్లోనూ అదే నలుపు.

"అవ్వా, గీ మందు ఎవరు తాగుతున్నరు?"

"అందరం తాగుతున్నం సారూ. ఇంట్ల కషాయం కాస్తే ఒక్కరే తాగుతరా? తలా ఇంత పోసినంక మిగిల్తే కోడలికి ఇస్తున్న. మా ఇంటాయనకు మోకాళ్లు గూడ జర నయమైనయి."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడమైతే నాకు బాగా వచ్చు గానీ, ఆవిడ కళ్లు ఇంకా ఆరలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"కషాయం ఇంటికవ్వా. గిది కడుపుల ఉన్న పసిపానానికి. దాని వాటా మీరు తాగుతున్నరు."

ఆవిడ కొంగుతో నల్లటి పెదాలు తుడుచుకుంది. "గీ మాట ముందుగాల్ల ఎవ్వరు చెప్పకపోతిరి" అంది. నిజమే, ఆ కిటికీలోంచి సీసాలే పోయేవి, మాట పోయేది కాదు.

మరుసటి అంగడికి అత్త, మామ, కొడుకు వరుసగా నిలబడి నాలుకలు చాపారు. మూడూ శుభ్రంగా ఉన్నాయి. కోడలి నాలుక బొగ్గు. నాకు పట్టరాని సంతోషం వేసింది. పెద్ద కంపౌండరుకైతే అదో పిచ్చి పట్టుకుంది. గజ్జి మలాముకు వచ్చినవాణ్ణి కూడా నాలుక చూపమనేవాడు.

చలికాలంలో మా దవాఖానలోనే కాన్పయింది. తల్లీబిడ్డా క్షేమం. అత్త వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని వార్డులోకి లాక్కుపోయింది. కోడలు మంచం మీద కూర్చుని వేడి జావ తాగుతోంది. అది చూసి కొడుకు ఒక గుక్క కోసం గిన్నె వైపు చెయ్యి చాపాడు.

అత్త ఆ చేతి మీద ఒక్కటేసింది.

"నీ జావ ఇంట్ల ఉన్నది, పో."