తేటనీటి వరద

మా ఆయన బుల్లబ్బాయికి గోదావరి తెలుసు. ఈ ముక్క ఇంకొకరు చెబితే బాగుండేది. ఎవరూ చెప్పలేదు. తెలియదని కాగితం మీద రాశారు గనక నేనే చెప్పుకుంటున్నాను. నేను చదివింది అయిదో తరగతి.

ధవళేశ్వరానికి దిగువన గట్టు మీద మా పల్లె. ఆయన తండ్రి, తాత అందరూ వలల మీద బతికినవాళ్ళే. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు నన్ను నావ ఎక్కించి, కళ్ళు మూసుకోమన్నారు. "ఇప్పుడు లోతులో ఉన్నావా, ఇసక మేట మీద ఉన్నావా చెప్పు" అన్నారు. నాకేం తెలుస్తుంది! ఆయన తన కళ్ళు కూడా మూసుకుని, తెడ్డుకు తగిలే బరువును బట్టి చెప్పేవారు. ఒక్కసారీ తప్పలేదు. ఒడ్డున ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి పోగొట్టుకునేవారు. చెప్పులు, గొడుగు, రేషను కార్డు, ఏదైనా సరే.

పదేళ్ళుగా చేప తగ్గిపోయింది. జెల్లలు, వాలుగలు పడే రేవుల్లో పొద్దంతా వలేసినా కూరకి సరిపడా వచ్చేది కాదు. అప్పుడే రాజమండ్రి కుర్రాడు యుగంధర్ వచ్చాడు. ఎగువన, కొండలు మొదలయ్యే చోట, ఇసక తిన్నె మీద టెంట్లు వేసి జనాన్ని రాత్రి ఉంచే వ్యాపారం పెట్టాడు. కార్తీకం వెళ్ళాక మొదలుపెట్టి శివరాత్రి దాకా నడిచేది. టెంట్లు వేయడానికి ఆయన్ని, వండడానికి నన్ను తీసుకెళ్ళాడు.

యుగంధర్ తెచ్చిన ఇనప మేకులు ఇసకలో నిలిచేవి కావు. గాలి వస్తే టెంటు దొర్లిపోయేది. మా ఆయన నవ్వి, గోనె సంచుల్లో ఇసక నింపి, మోకాలి లోతున పాతి, వాటికి తాళ్ళు కట్టారు. వలకి లంగరు వేసే పద్ధతే అది. ఆ తర్వాత ఏ గాలికీ టెంటు కదల్లేదు.

"బుల్లబ్బాయి గారూ, మీకు ఇంజనీరింగు సీటు ఇవ్వాలండి" అన్నాడు యుగంధర్.

"ఇచ్చినా పారేసుకొత్తాడు బాబూ, దాయటానికి నాకియ్యండి" అన్నాను నేను.

టెంట్లు ఎక్కడ వేయాలో ఆయనే చెప్పేవారు. వరద దిగిపోయాక తిన్నె మీద ఎండిన చెత్త ఒక చారలాగా మిగిలిపోతుంది. ఆ చారకి పైనే వేయాలన్నది ఆయన మాట. నీళ్ళ దగ్గరగా వేయమని వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉండేవారు. అడిగినప్పుడు, కిందకి దించొచ్చా అన్నట్టు ఆయన నావైపు చూసేవారు. ఎందుకంటే నీళ్ళు చూడడం మా వాళ్ళలో ఆడవాళ్ళ పని. సాయంత్రం నది నీళ్ళు తెచ్చి తెల్ల పళ్ళెంలో పోసి కాసేపు కదపకుండా ఉంచుతాం. అడుగున ఎర్రటి ఒండ్రు దిగితే ఎగువన వాన పడ్డట్టే. వరద తాను వచ్చేముందు రంగుని పంపిస్తుందని మా అత్తగారు చెప్పేది. అలా చూసి దిగిన మా వాళ్ళెవరూ వరదలో పోలేదు.

రెండేళ్ళ కిందట, పుష్యమాసంలో, నిడదవోలు నుంచి ఎనిమిదిమంది టీచర్లు వచ్చారు. అందులో ప్రసన్నకుమారి అనే అమ్మాయి చిన్నది. ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదట. వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన వెనకాలే తిరిగి తాళ్ళు ఎలా కడతారో నేర్చుకుంది.

"ఏంటండీ, మమ్మల్ని కొండెక్కించేస్తున్నారు! టెంట్లోంచి కాళ్ళు చాపితే నీళ్ళు తగలాలండి" అంది.

"మీకు జలుబు చేత్తే మీ హెడ్మాస్టరు నన్ను బెంచీ ఎక్కించేత్తాడండి" అన్నారాయన. అందరూ నవ్వారు.

తర్వాత నావైపు తిరిగి అడిగారు. "ఏమే దుర్గా, నీళ్ళేమంటన్నాయి?"

నేను పళ్ళెంలోకి చూశాను. "తేటగా ఉన్నాయయ్యా. పళ్ళెం అడుగున పువ్వుల బొమ్మ కనపడతంది."

"అయితే దించుదాం" అన్నారు. ఎండిన చారకి కిందగా, నీళ్ళకి ఇరవై అడుగుల దూరంలో నాలుగు టెంట్లు వేశారు. ఎప్పటిలాగే సంచులు లోతుగా పాతారు.

తెల్లవారుతుండగా నేను పైన గట్టు మీది వంటపాకలో టీ పెడుతున్నాను. కిందకి చూస్తే తిన్నె సగమే ఉంది. చప్పుడు లేదు, నురగ లేదు, ఎరుపు లేదు. అద్దంలాంటి నీళ్ళు అలా పైకి వచ్చేస్తున్నాయి. నేను కేక వేసేసరికి ఆయన లేచి టెంటు టెంటుకీ పరిగెత్తుతున్నారు. ఏడుగురు బయటపడ్డారు. చివరి టెంట్లో ప్రసన్నకుమారి ఒక్కతే పడుకుంది. దాని జిప్పు లోపల పట్టేసింది. టెంటు తేలిపోతే గట్టుకి లాగేవారే. కానీ ఆయన పాతిన సంచులు వదల్లేదు. నీళ్ళు పెరిగేకొద్దీ తాళ్ళు టెంటుని కిందకి పట్టి ఉంచాయి. గుడ్డ చీలిస్తే లోపల నీళ్ళు నిండిపోతాయనేమో, వల కోసే కత్తితో ఆయన ఒక తాడు కోశారు. రెండోది కోశారు. మూడోదాని కోసం మునిగారు. అప్పుడు తిన్నె అంచు విరిగి నీళ్ళలో పడిపోయింది. ఇద్దరినీ మూడోరోజు దిగువన తీశారు.

ఎగువన ఎక్కడో ఆనకట్టలో నిలవున్న నీళ్ళు వదిలారని తర్వాత చెప్పుకున్నారు. నిలవనీటిలో ఒండ్రు ముందే అడుక్కి దిగిపోతుంది. అందుకే అది తేటగా వచ్చింది. వరద తేటగా కూడా వస్తుందని మా అత్తగారికి తెలియదు, మాకూ తెలియదు.

నెల తర్వాత మండలాఫీసులో విచారణ పెట్టారు. ప్రసన్నకుమారి తండ్రి రమేష్ బాబు గారు బల్లకి అవతల కూర్చున్నారు. అమ్మాయి బడి గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని ఉన్నారు. యుగంధర్ నావైపు చూడలేదు. ఆఫీసరు నన్ను అడిగాడు.

"మీ ఆయన తాగి ఉన్నాడామ్మా?"

"లేదండి. ఎప్పుడూ ముట్టలేదండి."

"మరి అంత కిందకి ఎందుకేశాడు?"

"నీళ్ళు తేటగా ఉన్నాయని నేను చెప్పానండి. పళ్ళెంలో చూసి నేనే చెప్పాను. అది రాసుకోండి."

"పళ్ళెం సంగతి ఇందులో రాయకూడదమ్మా" అన్నాడు. విసుక్కోలేదు, పాపం, నెమ్మదిగానే చెప్పాడు. రాసింది నా ముందు పెట్టాడు. నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. 'నదీ ప్రవాహంపై అవగాహన, అనుభవం లేని సిబ్బంది కారణంగా' అని ఉంది.

"సంతకం పెట్టండి పిన్నిగారూ. అయిపోతుంది" అన్నాడు యుగంధర్.

"అనుభవం లేదన్న మాట కొట్టేయండి బాబూ" అన్నాను. "తప్పు చేశాడని రాయండి, ఒప్పుకుంటాను. ఆ తప్పు నాదని రాయండి, అదీ ఒప్పుకుంటాను. నది తెలియనోడని రాయకండి. ఆయన నీళ్ళలో పుట్టినోడండి."

ఆఫీసరు పెన్ను పట్టుకుని యుగంధర్ వైపు చూశాడు. అప్పుడు రమేష్ బాబు గారు తలెత్తారు. గొంతు పెంచలేదు.

"మీ ఆయనకి నది తెలుసంటున్నారు కదమ్మా. మా అమ్మాయి కూడా అలాగే అనుకుంది. ముందురోజు సాయంత్రం ఫోన్‌లో, 'భయం లేదు నాన్నా, ఇక్కడ బుల్లబ్బాయి గారని ఉన్నారు, ఆయనకి గోదావరి మొత్తం తెలుసు' అంది. అందుకే నేను వచ్చేయమనలేదు. తెలిసుంటే మా అమ్మాయి ఎందుకు పోయిందమ్మా?"

నా దగ్గర జవాబు చాలా ఉంది. నిలవనీరు, ఒండ్రు, తాళ్ళు, మూడో తాడు కోసం ఆయన మునగడం. అదంతా నోటిదాకా వచ్చింది. రమేష్ బాబు గారి మొహం చూశాక ఒక్కటీ బయటకి రాలేదు. కాగితం మీద ఆ మాట అలా ఉంటేనే ఆ తండ్రికి నిద్రపడుతుందేమో అనిపించింది. నది తెలియని మనిషి చేతిలో పడి కూతురు పోయిందనుకోవడం, తెలిసిన మనిషిని నమ్మి పోయిందనుకోవడం కంటే తేలికేమో.

పెన్ను తీసుకుని, అనుభవం లేని సిబ్బంది అన్న మాటకి కింద, వీరదుర్గ అని నా పేరు రాశాను.