చర్చి మైకులో మ్యాచ్ పిలుపు

"పోయిన మ్యాచ్‌కి నీ ప్రచారం విని పట్టుమని పదిమంది రాలేదు" అని మా ఖిదిర్‌పూర్ ఫుట్‌బాల్ క్లబ్బు నడిపే బెంగాలీ దాదా పొద్దున్నే చీవాట్లు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. క్లబ్బు మైకు పాడైతే అది నా తప్పా? మా తెలుగు చర్చి మైకు అడిగి తెచ్చి, రిక్షాకు కట్టుకుని బయలుదేరాను. ప్రతి ఆదివారం ఆ మైకులో జనాన్ని ఆరాధనకు పిలిచేది నేనే.

మా వీధిలోకి రాగానే అలవాటుగా నోరు జారింది. "ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నాలుగింటికి మైదానానికి రండి!"

నాలుక్కరుచుకుని మైకు ఆపేశాను. మ్యాచ్ సంగతి పక్క వీధిలో చెప్పుకున్నాను.

నాలుగింటికి చూస్తే మైదానం గట్టు నిండా మా చర్చి ఆడవాళ్లే. నెత్తిన ముసుగులు, ఒళ్లో బైబిళ్లు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందరిలోకీ పెద్దావిడ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను.

"మామ్మా, తప్పయిపోయింది. ఇది ప్రార్థన కూడిక కాదు, ఫుట్‌బాల్."

"అది నాకు కనబడతంది గానీ, ఆ గోలుకాడున్న కుర్రోడు మనోడేనేటి?"

"మనోడే."

"అయితే అడ్డు తప్పుకోరా, ఆట కనబడ్డం నేదు."

అమ్మయ్య అనుకుని, ఆమె పక్కనే చతికిలబడ్డాను.