సంగవి ఉత్తరువు

కోవిల్‌పట్టిలో విత్తనాల కొట్టు మీది మేడలో రైతు సంఘం ఆఫీసు ఉంది. అక్కడ ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న చిన్నతాయికి ఆ సోమవారం ఉన్నంత సంతోషం ఈ మధ్య ఎన్నడూ లేదు. ఎందుకుండదు మరి? సంగవి పోయింది! విరుదునగర్‌లో పప్పు మిల్లు ఆఫీసులో పని దొరికి పోయింది. ఎట్లా పోతేనేం, పీడ విరగడైంది.

నాలుగేళ్ళ కడుపుమంట అది. చిన్నతాయి సామాన్యురాలేం కాదు. తమిళ టైపింగు పెద్ద పరీక్ష ఫస్టు క్లాసులో పాసయిన మనిషి. ఆమె మిషను మీద కొట్టిన అర్జీలో ఒక్క తప్పు చూపించమనండి, చూద్దాం! అలాంటిది, సంఘం పెద్ద అయ్యాసామి ఆ మిషనును మూలకు నెట్టి, కంప్యూటరు కొని, దానితోపాటు కళుగుమలై నుంచి ఇరవై రెండేళ్ళ సంగవిని తెచ్చి కూర్చోబెట్టాడు. అదీ ఫ్యాను కింద. ఇక ఆ రోజు నుంచి మెట్లెక్కి వచ్చిన ప్రతివాడూ సంగవి బల్ల దగ్గరే. "సంగవి పాపా, నా పేరు చూడు", "సంగవి పాపా, ఈ కాయితం తియ్యి". ఎదురు బల్ల దగ్గర కళ్ళద్దాలు పెట్టుకుని ఒక మనిషి కూర్చుందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. మధ్యాహ్నం గిన్నెలు విప్పితే అందరూ ముందు ఆ పిల్ల పులుసులోనే గరిటె పెట్టేవాళ్ళు. చిన్నతాయి ఆ పులుసును కూడా క్షమించలేదు.

సోమవారం రిపేరు మనిషి వచ్చి కంప్యూటరులో చిన్నతాయి పేరుతో కొత్త ఖాతా తెరిచిపెట్టాడు. తెర మీద తన పేరు చూసుకుని ఆమె మురిసిపోయింది. సంగవి బల్లను రెండుసార్లు తుడిచి, ఫ్యాను కింద కూర్చుంది.

బుధవారం అసలు పని వచ్చి పడింది. అకాల వానకు చేలోనే మొలకలెత్తిన మినుముకు నష్టపరిహారం అడిగే రైతుల పట్టీ శుక్రవారం సాయంత్రానికి వ్యవసాయ ఆఫీసుకు చేరాలి. రెండువందల పద్నాలుగు మంది రైతులు. నూట తొంభై మందిని సంగవి పోకముందే ఎక్కించింది, అదీ రైతులు నోటితో చెబుతుంటే నేరుగా. మిగిలింది ఇరవై నాలుగు పేర్లే. ఇదెంతసేపని చిన్నతాయి ఫైలు నొక్కింది.

తెరుచుకోలేదు. తెరవడానికి మీకు అనుమతి లేదంది.

మళ్ళీ నొక్కింది. ఫైలు పేరు మార్చబోయింది. పెన్‌డ్రైవులోకి లాగబోయింది. కంప్యూటరు ఆపి, దణ్ణం పెట్టి, మళ్ళీ వేసింది. చివరికి దాన్ని వేరే చోటికి జరపబోతే తెర మీద ఇంకో మాట వచ్చింది. ఈ ఫైలును మార్చాలంటే సంగవి అనుమతి కావాలట! పేరుతో సహా రాసి ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదీ.

చిన్నతాయి ఇంట్లో అనుమతిని ఉత్తరువు అంటారు. పెళ్ళికైనా, ఇంటి పునాదికైనా కులదేవత ముందు కూర్చుని, బల్లి పలికి ఉత్తరువు ఇచ్చేదాకా కదలరు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఈ అమ్మి ఏమి మా కులదెయ్యమా? దీని ఉత్తరువు కోసరం నేను కాచుకోవల్లా?" అని తెరనే తిట్టింది.

ఆ కేకకు లోపలి గదిలోంచి అయ్యాసామి వచ్చాడు. "ఎందుకమ్మా ఆ అరుపు? సంగవికి ఒక ఫోను కొట్టు, చెప్తాది."

"వొద్దు మామా. నేనే చూసుకుంటా."

"చూసుకో. శుక్రవారానికి పట్టీ పోలేదంటే మాత్రం సంగవినే తిరిగీ పిలుస్తా. ఆ మిల్లులో దానికి ఏమీ బాగలేదంట, రమ్మంటే వచ్చేస్తాది."

చిన్నతాయి తలెత్తి ఫ్యాను వైపు చూసింది. మళ్ళీ ఎదురు బల్లా? మళ్ళీ ఆ నాలుగేళ్ళా? అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గురువారమంతా సంగవికి ఫోను చెయ్యలేదు. కొత్త ఫైలులో పట్టీ మొదటి నుంచీ కొట్టుకుందామంటే సర్వే నంబర్లు ఏ కాగితంలోనూ లేవు. రైతులకే ఫోను చేసి అడిగింది. సాయంత్రానికి పదకొండు మంది దొరికారు. పన్నెండోవాడు తంగపాండి నేరుగా మెట్లెక్కి వచ్చి, ఫ్యాను కింద చూసి, "సంగవి పాప లేదా? సరి, అది వచ్చినాక వస్తా" అని దిగిపోయాడు. చిన్నతాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అవి కోపం కన్నీళ్ళే, జాలి పడకండి.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి దారిలేక ఫోను చేసింది.

"అక్కా! నువ్వా?" సంగవి గొంతులో నిజంగానే సంతోషం. అది ఇంకా మంట.

"నువ్వు ఫైలుకు బీగమేసిపోయినావు."

"అయ్యో, నేనేమీ చెయ్యలేదక్కా. నా ఖాతాలో చేసింది గదా, దానికి ఓనరు నేనేనని ఆ మిషను అనుకుంటాది. మార్చేస్తే సరిపోతాది. ఫైలు మీద కుడి బటను నొక్కు. అన్నిటికీ కడాన ప్రాపర్టీస్ ఉంటాది. దాంట్లో సెక్యూరిటీ, దాని కింద అడ్వాన్స్‌డ్. వచ్చిందా?"

"వచ్చింది."

"మీద ఓనరు అని నా పేరు ఉంటాది. పక్కన చేంజ్ నొక్కి, నీ పేరు కొట్టు. తరవాత కింద నీ పేరుకు అన్ని టిక్కులూ పెట్టు."

చిన్నతాయి తన పేరు ఒక్కొక్క అక్షరమే కొట్టింది. సంగవి పేరు పోయి తన పేరు వచ్చింది. ఫైలు తెరుచుకుంది. నూట తొంభై మందీ ఉన్నారు, సర్వే నంబర్లతో సహా. సాయంత్రానికి ఇంకా బోలెడు పొద్దుంది. ఇక బల్ల తనదే, ఎవరూ లాక్కోలేరు.

ఫోను పెట్టేయబోయింది. "అక్కా," అంది సంగవి, గొంతు తగ్గించి. "ఈడ ఒక అక్క ఉండాది. పాత మనిషి. మిల్లు సంగతులన్నీ ఆమెకే తెలుసు. నాతో ఒక్క మాటా మాట్లాడదు. ఏమన్నా అడగాలంటే బయం. వచ్చినప్పటినుంచీ ఊరికే కూచోనుండాను. తిరిగీ అక్కడికే వచ్చేద్దామని ఉండాది."

చిన్నతాయి పెట్టేయబోయిన ఫోను మళ్ళీ చెవికి ఆనించింది. రావద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పోయి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

"తిడితే?"

"తిట్టదే. ఎవురన్నా వచ్చి అడుగుతారా అని చూస్తా ఉంటాది. ఎవురూ అడగకుంటే మనిషి అట్లయిపోతాది. కుర్చీ లాక్కోని పక్కన కూచో. అక్కా, ఇది నాకు తెలీదు, నేర్పియ్యి అను."

"సరి అక్కా. ఇప్పుడే పోతా. తమిళ టైపింగు కూడా నేర్చుకోవాల, ఆమెకు బాగా వస్తాదంట."

ఆ మిల్లు ఆఫీసులో ముక్కూముఖమూ తెలియని ఆడమనిషి పక్కన సంగవి కుర్చీ లాక్కుని కూర్చోవడం చిన్నతాయి కళ్ళకు కట్టింది. ఉన్నట్టుండి ఆ మిల్లు మనిషి మీద ఆమెకు కడుపు భగ్గుమంది.

"తక్కినవన్నీ ఆమెనే అడుగు," అంది. "టైపింగు మాత్రం ఆమెనడగొద్దు. నన్నడుగు."