జబీనా తొట్లలో ఉప్పునీళ్లు

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోతుంటే ఎటు చూసినా రొయ్యల గుంటలే. వాటి మధ్యలో, మూడు వైపులా గంగులయ్య గుంటలు చుట్టుకున్న చిన్న స్థలంలో జబీనా రంగు చేపలు పెంచుతుంది. అవి కూరకు పనికిరావు, నెల్లూరు అక్వేరియం అంగళ్లకు పోతాయి. బొటనవేలంత చేపకు ఇంత సంబడమా అని నవ్వని వాళ్లు మా ఊళ్లో లేరు. నవ్వితే నవ్వారు, ఆమె ఎవర్నీ లెక్కచేయలేదు.

ఆమె ప్రాణమంతా స్వోర్డ్‌టెయిళ్ల మీదే. ఎర్రటి చేపలు. మగదానికి తోక కింది అంచు కత్తిలాగా సాగి ఉంటుంది. ఇవి గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే కంటాయి. కన్నాక ఆకలేస్తే ఆ పిల్లల్నే మింగేస్తాయి. అందుకని జబీనా నిండు చూలాళ్లను వేరే తొట్టిలోకి మార్చి, పిల్లలు దాక్కోవడానికి నాచు వేసి, పురిటింటికి కాపలా కాసినట్టు కాసేది. మోలీలనే నల్ల చేపలూ పిల్లల్ని కనేవే. కానీ ఇంట్లోకి నలుపెందుకని జనం కొనరు. అంగడివాళ్లు తిప్పి పంపిన మోలీలను గట్టు పక్కన నేలలో దిగేసిన పాత తొట్టిలో వదిలి, వాటి సంగతే మరిచిపోయింది.

ఆ స్థలం ఆమెకు వాళ్లమ్మ ఇచ్చింది. మేత గోడౌను కట్టుకుంటానని గంగులయ్య అడిగాడు. ఆమె ఇవ్వనంది. ఆయన పోట్లాడలేదు, పెద్దమనిషి కదా! మధ్యలో ఉన్న కాలవ పూడ్పించి, ఉప్పునీళ్లు నింపే తన రొయ్యల గుంటను సరిగ్గా ఆమె కంచె దాకా తెచ్చాడు. వేసవి వచ్చేసరికి జబీనా బోరులో నీళ్లు ఉప్పెక్కాయి.

స్వోర్డ్‌టెయిళ్లు ముందు మేత మానేశాయి. తర్వాత ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. వాటిని గంపకెత్తుతూ జబీనా వెక్కి వెక్కి ఏడ్చింది, గంగులయ్య ఏడు తరాలనూ తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను గానీ, ఒక్కటీ ఎక్కువ కాదు.

"కోవూరుకు పోదాం పా. ఆయనతో మనం యాడ పడగలం?" అన్నాడు భర్త మహబూబ్ బాషా.

"నువ్వు బో. నేను రాను," అంది. అన్నదే గానీ అమ్ముకోవడానికి చేపల్లేవు.

మర్నాడు పాత తొట్టి కడుగుదామని దాని మీద పడ్డ కొబ్బరి మట్టలు లాగింది. గంగులయ్య గుంట గట్టు నుంచి ఊట నేరుగా దిగేది అందులోకే. వేలు ముంచి నాలుకకు రాసుకుంటే కటిక ఉప్పు. ఆ నీళ్లలో నల్ల మోలీలు మందలుగా తిరుగుతున్నాయి, తల్లులు పొట్టలేసుకొని, పిల్లలు గోడల పాచి గీరుకు తింటూ! జబీనా తొట్టి అంచు పట్టుకొని పగలబడి నవ్వింది.

"ఓసినీ, మీకు ఉప్పే కావాల్నా!"

మోలీలు కొంటావా అని అంగడతన్ని మళ్లీ అడిగింది. ఉప్పునీటి అక్వేరియాలు పెట్టే చెన్నై వాళ్లు పాచి తినే చేపల కోసం వెతుకుతున్నారన్నాడు. ఎర్రవి ఈదిన తొట్లన్నీ నల్లవాటితో నిండాయి.

అది తెలియని గంగులయ్య ఒకనాడు కొలతల టేపుతో వచ్చాడు.

"చేపలన్నీ పోయినాయంట గదమ్మా. బాధగా ఉండాది. ఇప్పుడన్నా స్థలం సంగతి మాట్లాడుకుందామా?"

జబీనా పాలిథిన్ సంచిలో నీళ్లు, నాలుగు మోలీలు పట్టి ఆయన చేతిలో పెట్టింది.

"ఇయ్యేంది?"

"నీ ఉప్పు తిని బతికిన చేపలన్నా. నీ ఉప్పు తిన్నా నా తొట్లోనే పిల్లల్ని పెట్టినాయి. నీళ్లు నీయి, కాదన్ను. నేల మాత్రం మాయమ్మది. టేపు చుట్టుకోని పో."