వాదీ వైపు నుంచి ఈల

రామసుబ్బమ్మను అరబ్బు దేశంలో, సహం అనే ఊళ్ళోని ఆ ఇంటికి రప్పించుకున్నది వంటకూ ఇల్లు తుడవడానికీ. కొన్నాళ్ళకు ఆ ఇంటి పెద్దాయన ఆమెకు ఇంకో పని కూడా పెట్టాడు. అది చెవులతో చేసే పని.

పెద్దాయన పేరు హమూద్. సైన్యంలో చేసి రిటైరైనవాడు. ఇంట్లో అందరూ బాబా అనేవారు. వయసు మీద పడినా నడుం వంగలేదు గానీ, బతుకంతా తుపాకి మోతల మధ్య గడిచినందుకు రెండు చెవులూ పోయాయి. ఖర్జూరం తోట వైపు ఉన్న గదిలో ఆయనకొక బల్ల ఉంది. దాని మీద బిగించిన ఇనుప మర, చిన్న తక్కెడ, మూతలు బిగించిన తుపాకిమందు డబ్బాలు. పేల్చాక మిగిలిన ఖాళీ తూటా గుల్లల్ని ఏరుకొచ్చి, కడిగి, మరలో నొక్కి సరిచేసి, మళ్ళీ మందు కూరి తూటాలు కట్టుకోవడం ఆయన అలవాటు. శుక్రవారం నమాజు అయ్యాక కొండల వైపు వెళ్ళి, లైసెన్సు ఉన్న పాత రైఫిల్‌తో డబ్బాలకు గురిపెట్టి కాల్చి, ఆ గుల్లల్నే మళ్ళీ జేబులో వేసుకుని వచ్చేవాడు.

అవి మామూలు ఇత్తడి గుల్లలు కావు. నికెల్ పూత పూసినవి. కొత్త స్టీలు గ్లాసుల్లా తెల్లగా మెరిసేవి. సముద్రపు గాలికి ఇత్తడి చిలుమెక్కుతుంది గానీ ఇవి ఎన్నేళ్ళైనా అలాగే ఉంటాయి. చిక్కల్లా ఒకటే, ఇవి కాస్త పెళుసు. కాల్చగా కాల్చగా మెడ దగ్గర వెంట్రుకంత పగులు పడుతుంది. కంటికి ఆనదు. నాలుగైదు గుల్లల్ని గుప్పిట్లో వేసుకుని కదిలిస్తే మంచివి గలగలమంటాయి. పగిలింది ఉంటే ఆ గలగలలో ఒక బొంగురు కలుస్తుంది. హమూద్‌కు ఆ తేడా వినే యోగం పోయి చాలా కాలమైంది.

రామసుబ్బమ్మది మైదుకూరు దగ్గర పల్లె. పెళ్ళికి ముందు తల్లి వెంట గాజుల మలారం మోస్తూ ఊళ్ళు తిరిగింది. చిట్లిన గాజును మోతను బట్టి పట్టుకోవడం అప్పుడే అబ్బింది. ఒకరోజు ఆ గది తుడుస్తూ, బల్ల మీది గుల్లల్ని పోగుచేసి గిన్నెలో పోసి, తెలియకుండానే ఒకదాన్ని ఏరి పక్కన పెట్టింది. హమూద్ దాన్ని భూతద్దం కింద చూశాడు. మెడ మీద పగులు ఉంది. ఆయన ఆమె చెవి వైపు వేలు చూపించి నవ్వాడు. ఆయన నవ్వగా ఆమె చూడటం అదే మొదలు.

అప్పట్నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంట్లోవాళ్ళంతా ఏసీ గదుల్లో తలుపులు వేసుకుని పడుకునే వేళ, ఆమె ఆ బల్ల దగ్గర కూర్చునేది. మందు డబ్బాలను ముట్టుకోనిచ్చేవాడు కాదు. గుల్లలు కడగడం, తుడవడం, కదిలించి వినడం ఆమె వంతు.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు అంతుబట్టేది కాదు. పని మొదలుపెట్టే ముందు రోజూ ఆయన ఒక గుల్లను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. దాని మూతిని కింది పెదవికి ఆనించి గట్టిగా ఊదేవాడు. సన్నటి ఈల తోట దాటి వాదీ దాకా పోయేది. వాదీ అంటే వానొస్తేనే పారే రాళ్ళ వాగు. ఊది, కాసేపు ఆగి, ఆమె మొహంలోకి చూసేవాడు.

"ఫీ?" అనేవాడు. ఉందా అని.

ఏముందో తెలియక ఆమె తల అడ్డంగా ఊపేది. "మాఫీ బాబా." లేదు.

తోట పని చూసే భీమన్నది జగిత్యాల. అరబ్బీ బాగా వచ్చినవాడు. ఆమె అతన్ని అడిగింది.

"ఆయినకు ఓ అన్న ఉండె అక్కా, సైఫ్ అని. ఇద్దరు ఒక్క బల్ల మీదనే తూటాలు కట్టుకునేటోళ్ళట. కలిసిపోవద్దని తమ్మునియి ఇత్తడియి, అన్నయి గీ తెల్లయి. షికారుకు వోతే వాదీకి ఆ ఒడ్డుకు ఒకలు, ఈ ఒడ్డుకు ఒకలు. ఒకలు గుల్లతోని ఈలేస్తే ఇంకొకలు జవాబియ్యాలె. ఓనాడు కొండల్ల పడ్డ వాన ఒక్కపారే దిగొచ్చింది. సైఫ్ కొట్టుకవోయిండు. పీనుగ గూడ దొరకలే."

"అయితే నన్నేంది అడిగేది?"

"అన్న జవాబిస్తుండో ఏమో, నాకే ఇనవడ్తలేదో ఏమో అంటడు."

ఆ ఎండలో కూడా రామసుబ్బమ్మకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఆ రాత్రే ఏదో సాకు చెప్పి ఈ పని మానేద్దామనుకుంది. తెల్లారాక ఆయన మొహం చూస్తే నోరు రాలేదు.

ఏడాది గడిచింది. వారానికొకటీ రెండూ పగిలిపోతూ, గిన్నెలో తెల్ల గుల్లలు అడుగుకు చేరాయి. ఆమె బొంగురుది ఏరి పక్కన పెట్టినప్పుడల్లా హమూద్ దాన్ని చాలాసేపు చూసేవాడు. అవి అయిపోతే అన్నను పిలవడానికి ఏమీ మిగలదని ఆయన దిగులు.

ఆ శీతాకాలం పెద్ద గాలివాన కొట్టింది. వాదీ రెండు రోజులు ఎర్రగా పారింది. నీళ్ళు తీసిన తర్వాతి మధ్యాహ్నం హమూద్ కిటికీ దగ్గర నిలబడి ఊదాడు. ఈల పోయి ఆగింది.

అటు నుంచి ఇంకో ఈల వచ్చింది.

రామసుబ్బమ్మ లేచి బయటికి చూసింది. ఖర్జూరపు మట్ట ఒక్కటీ కదలడం లేదు. పిట్ట కూడా లేదు. తెల్లటి ఎండ మాత్రం ఉంది.

"ఫీ?" అన్నాడు హమూద్.

"మాఫీ" అంది. ఆమె తల్లి ఒక మాట చెప్పేది. మనిషి కనపడకుండా పిలుపు వినిపిస్తే, మూడోసారి దాకా పలకకూడదని. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు, కానిదైతే రెండుతో ఆగిపోతుందని.

మర్నాడు ఆ ఈల ఇంకాస్త దగ్గర్నుంచి వచ్చింది. ఆమె మళ్ళీ మాఫీ అని, తోటలోకి పరిగెత్తి భీమన్నను పట్టుకుంది.

"ఇప్పుడు నీకు ఇనపడిందా?"

"బాబా ఈల ఇనవడ్డది."

"అది కాదబ్బా, దాని ఎనకాల ఇంగోటి."

భీమన్న నీళ్ళ పైపు కట్టేసి చెవి ఒగ్గాడు. "ఏం లేదక్కా. ఎండకు తల తిరిగినట్టుంది నీకు. పొయ్యి పండుకో."

మూడోనాడు హమూద్ గుల్లను తీసి పెదవి దాకా తెచ్చాడు. ఇంకా ఊదనే లేదు. ముందే ఈల వచ్చింది. తోట అంచు నుంచి, స్పష్టంగా, ఎవరో ఎదురుచూసి చూసి ఓపిక పట్టలేక పిలిచినట్టు.

రామసుబ్బమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన అడగకముందే అంది.

"ఫీ."

హమూద్ ఆమె పెదవులనే చూస్తుండిపోయాడు. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. ఆమె ఆయన చొక్కా అంచు పట్టుకుని దారి చూపించింది. భీమన్న పార వదిలేసి వెనకాలే వచ్చాడు. ఎక్కడ ఆమె అడుగు తడబడితే అక్కడ ఈల వినిపించేది, చిన్నగా, ఇటు అన్నట్టు. తోట దాటారు. వాదీలోకి దిగారు. ఒక మలుపు దగ్గర నీళ్ళు ఒడ్డును కోసేసి, పాత రేగుచెట్టు వేళ్ళను బయటపెట్టాయి. అక్కడికొచ్చేసరికి ఈల వాళ్ళ కాళ్ళ ముందు నుంచే వచ్చింది. ఆపైన ఆగిపోయింది.

"ఈడే" అంది రామసుబ్బమ్మ.

కోసుకుపోయిన మట్టిలో, వేళ్ళ మధ్య, తుప్పు పట్టిన తుపాకి గొట్టం. దాని పక్కన మనిషి ఎముకలు. ముంజేతి ఎముకల దగ్గర ఒక తూటా గుల్ల, నిన్న కాల్చినట్టు తెల్లగా మెరుస్తోంది.

హమూద్ ఆ ఎముకల పక్కన మట్టిలో కూర్చున్నాడు. భీమన్న వంగి ఆ గుల్లను తీసి తిప్పి చూశాడు. లోపల మూతి దాకా మట్టి బిగుసుకుని ఉంది. పుల్లతో పొడిచాడు. రాయిలా ఉంది, గింజంత కూడా రాలలేదు.

"గిది ఎట్ల మోగుతదక్కా?" అన్నాడు నెమ్మదిగా.



పోలీసులు వచ్చి ఎముకలు తీసుకెళ్ళారు. పరీక్షలైన తర్వాత అప్పగిస్తే, తండ్రి సమాధి పక్కన సైఫ్‌ను పూడ్చారు. ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ రామసుబ్బమ్మ అన్నం వండింది. హమూద్ ఆ తర్వాత తూటాలు కట్టలేదు. మధ్యాహ్నాలు అందరిలాగే పడుకునేవాడు.

కొన్నాళ్ళకు భీమన్నను వెంటబెట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి ఏదో అడిగాడు.

"ఆ ఈల ఎట్లుండె అని అడుగుతుండక్కా. కోపంగ ఉండెనా అంటుండు. ఇన్నేండ్లు ఇనకపోతిననీ."

రామసుబ్బమ్మ చేతి పిండి దులుపుకుని ఆలోచించింది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కోపం లేదని చెప్పు భీమన్నా. ఆయప్ప దూరం నుంచి పిలిచినట్టు లేదు. తమ్ముడు పక్కనే ఉండాడని తెలిసి, రా పోదాం అని పిలిచినట్టుండె."

భీమన్న అరబ్బీలో చెప్పాడు. హమూద్ గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు, అంటే అతని పెదవులు కదలడం పూర్తయ్యేదాకా చూశాడు. చివరి మాట దగ్గర ఆయన కళ్ళు ఒక్కసారి తోట వైపు తిరిగాయి. తల ఊపి, వెళ్ళి పడుకున్నాడు.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు.

రామసుబ్బమ్మ ఇప్పుడు మబేలా అనే ఊళ్ళో ఇంకో ఇంట్లో పనిచేస్తోంది. రోడ్డు పక్క ఇల్లు, రోజంతా బండ్ల మోత. ఆ మోత ఆమెకు నచ్చింది. మధ్యాహ్నం కాసేపు అది సద్దుమణిగితే, వంటిల్లు వదిలి పిల్లలు ఆడుకునే గదిలోకి పోయి కూర్చుంటుంది.