రామేశ్వరమ్మ టీచరు గురి లెక్క

కల్లూరులో ఒకప్పుడు నాపరాళ్లకు పాలిష్ పట్టిన రేకుల షెడ్డే ఇప్పుడు షూటింగ్ రేంజ్. నడిపేది ఓబుళేశు, ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసుగా చేసి రిటైరైన మనిషి. హైస్కూల్లో లెక్కలు చెప్పే రామేశ్వరమ్మకు ఆ షెడ్డుతో ఉన్న సంబంధమల్లా ఆమె అన్న కూతురు భువన. డిగ్రీ చదువుతూ అత్త ఇంట్లోనే ఉంటున్న ఆ పిల్లకు ఎయిర్ పిస్టల్ మీద మోజు. వారానికి నాలుగు సాయంత్రాలు షేర్ ఆటోలో ఇద్దరూ వచ్చేవారు. భువన టపటపా కాలుస్తుంటే, అత్త బెంచీ మీద పరీక్ష పేపర్లు దిద్దుకునేది. లోపల ఫ్యాను వేయనివ్వరు. గాలికి గురికాగితాలు ఊగుతాయట.

రెండు నెలలైనా భువన నూటికి ఎనభై నాలుగు దాటలేదు.

"ఈ పొద్దు ఏం నేర్చుకున్నావే?" అని అడిగింది రామేశ్వరమ్మ ఒకరోజు.

"నూరు గుండ్లు కొట్టినానత్తా!"

"ఎన్ని కొట్టినావని అడగలేదు."

రామేశ్వరమ్మ చెత్తబుట్టలోని గురికాగితాలు ఏరి, వెలుతురుకు పట్టి చూసింది. చిల్లులన్నీ ఒకే మూలకు చేరి ఉన్నాయి.

"అన్నీ ఎడమపక్క కిందికే పోతాండాయి. ట్రిగ్గరు గుంజేటప్పుడు చెయ్యి వాలుస్తాండావు. ఒకే తప్పును రోజుకు నూరు తూర్లు రాస్తే అది అచ్చయిపోదా?"

మర్నాటికి ఆమె ఒక ప్లాను రాసుకొచ్చింది. నూరు గుండ్లు బంద్, నలభై చాలు. మొదటి పావుగంట గుండు లేకుండా ఉత్త ట్రిగ్గరు నొక్కాలి, పిస్టల్ ముక్కు కదలకూడదు. తర్వాత గురికాగితాన్ని వెనక్కి తిప్పి, తెల్లటి వైపు పది కాల్చాలి. మార్కుల ధ్యాస వద్దు, చిల్లులు ఒకచోట గుంపుగా పడితే చాలు. ఆ పైన పది కాల్చి, ఒక్కొక్కటీ ఎక్కడ తగిలిందో చూడకముందే చెప్పాలి. మిగిలిన ఇరవై పోటీలో లాగా, నోరు మెదపకుండా.

ఓబుళేశుకు కోపమొచ్చింది. "ముప్పై ఏండ్లు తుపాకి మోసినోన్ని నేను. పిస్టల్ ముట్టుకోకుండానే టైంటేబుల్ రాస్తాండారే మేడమ్!"

"ముట్టుకుంటే సరిపోతాదా? ఇట్లా ఇయ్యప్పా."

అలా యాభై ఒకటో ఏట ఆమె పిస్టల్ పట్టింది. తన ప్లాను ప్రకారమే అన్నీ చేసి, మొదటి గుండు కాల్చి, "నడిమధ్యన తగిలింది" అని ధీమాగా చెప్పింది. ఆమె కాగితం మీద గీత కూడా పడలేదు. చిల్లు పక్కనున్న కాగితానికి పడింది.

"పక్కోళ్లకు సాయం చేసినారు మేడమ్," అన్నాడు ఓబుళేశు మర్యాదగా. భువన గోడకు తిరిగి నవ్వు ఆపుకుంది.

తీరా చూస్తే, ట్రిగ్గరు నొక్కే క్షణంలో ఆమె రెండు కళ్లూ మూసుకుంటోంది. ఇంకొకరైతే సిగ్గుపడి మానుకునేవారు. ఆమె మాత్రం తన ప్లానులో పైనే "కండ్లు మూయరాదు" అని రాసుకుని, పదిహేను రోజులు ఆ ఒక్కదాని మీదే కూర్చుంది. ఇంట్లో టీవీ ముందు నిండు నీళ్ల సీసా పట్టుకుని, చెయ్యి చాచి నిలబడేది.

"ఎవురి మీద ఇంత కోపం?" అని భర్త రామకృష్ణ బెదురుగా అడిగాడు.

"మాట్లాడించొద్దు. నలభై ఒకటి, నలభై రెండు..."

ఆయన వెళ్లి పొయ్యి మీద పప్పు చూసుకున్నాడు.

నెల తిరిగేసరికి భువన చిల్లులు పైకి ఎక్కాయి. ఎనభై ఎనిమిది, ఆపైన తొంభై ఒకటి. ఒక సోమవారం చూస్తే షెడ్డులో పిల్లలందరి కాగితాలూ వెనక్కి తిరిగి ఉన్నాయి. ఎవరో తండ్రి అడిగితే, "ఇది మా డిపార్ట్‌మెంటు పద్ధతి" అని ఓబుళేశు చెబుతున్నాడు. రామేశ్వరమ్మ తల ఎత్తకుండా పేపర్లు దిద్దుకుంది.

కడపలో క్లబ్బుల పోటీ జరిగింది. భువన నాలుగో స్థానంలో వచ్చింది. నలభై ఐదు దాటిన ఆడవాళ్ల విభాగంలో రామేశ్వరమ్మ నూటికి అరవై తొమ్మిది కొట్టింది. మైకులో పేరు పిలిస్తే వేదిక ఎక్కి అటూ ఇటూ చూసింది. రెండో మెట్టు ఖాళీ, మూడో మెట్టూ ఖాళీ. ఆ విభాగంలో పేరిచ్చింది ఆమె ఒక్కతే.

"ఫస్టు మేడమ్, మీరే ఫస్టు!" అని కింద ఓబుళేశు చప్పట్లు కొట్టాడు.

"లాస్టు కూడా నేనేలేప్పా," అంది ఆమె, మెడలో బంగారు రంగు పతకం వేయించుకుంటూ. అయినా మనసులో సంతోషం లేకపోలేదు. పోటీ మొత్తంలో ఒక్కసారీ కళ్లు మూసుకోలేదు మరి.

తిరుగు బస్సు మైదుకూరులో టీకి ఆగినప్పుడు, కోయిలకుంట్లలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది.

"సుజనా, నీకు నలభై ఆరు నిండినాయి గదా?"

"నిండినాయక్కా. ఏమైంది?"

"ఏం లేదు. ఆదివారం కల్లూరికి రా. రెండో మెట్టు మీద నిలబడేకి ఒక మనిషి కావాల."